పుల్ల చెప్పిన అబద్ధం

“నా సెన్సార్ అబద్ధం చెబుతోందండీ!” అంటూ లోపలికి వచ్చిన అమ్మాయి, కుర్చీ చూపించినా కూర్చోలేదు. ఆమె చేతిలో వడలిన టమాటా మొక్క ఉంది.

అపరాధ పరిశోధకుడు మొక్కను అందుకున్నాడు. “వాడిపోయింది. ఇక ఆ వాడెవడో తేల్చాలి.”

టైపిస్టుగా రిటైరై ఆయన దగ్గర చేరిన సహాయకురాలు ఆ మాట కూడా నోట్సులో రాసుకుంది. ఆయన నోటి నుంచి ఏది రాలినా ఆవిడకు సాక్ష్యమే.

అమ్మాయి వ్యవసాయం చదివింది. అత్తవారి చేలో తేమ కొలిచే సెన్సార్ పుల్ల పాతింది. నేల ఆరితే మోటారు దానంతటదే తిరగాలి. పది రోజులుగా తిరగడం లేదు. నేల నెర్రెలిస్తోంది, పుల్లేమో తడి ఉందంటోంది.

“ఇంకో నలభై సెన్సార్లు గోదాములో ఉన్నాయండీ. ఇవాళ సాయంత్రం నాలుగింటికి రైతులంతా మా చేనుకే వస్తారు. ఇది పనికిరాదంటే అన్నీ వెనక్కి పంపేస్తారు. నా మూడేళ్ల కష్టం!”

“ఎవరి మీద అనుమానం?”

ఆమె తల దించుకుంది. “మా మామగారి మీద. అందుకే భయం.”

వాళ్లు వెళ్లేసరికి చేను బీటలు వారి ఉంది. తలకి చిన్న తెర, మీట ఉన్న పుల్ల మొదట్లో మాత్రం గుప్పెడంత పచ్చగడ్డి మొలిచింది. అమ్మాయి ఫోనులో గ్రాఫు చూపించింది. రోజూ పొద్దున్న ఆరుంపావుకి తేమ ఒక్కసారిగా పైకి లేస్తోంది.

మోటారు చూసేవాడు ముందే ఎగిరాడు. “నా పని పోతుందని నేనే పాడుచేశానంటారు, అంతేగా? ఆ టైముకి పాలకేంద్రంలో క్యాన్లు దింపుతుంటానండీ. ఎవరినైనా అడగండి.”

పొరుగు రైతు నవ్వాడు. “పేరుకే సెన్సారు, సెన్సే లేదు దానికి. నేను దాని దగ్గరికి కూడా పోలేదు బాబూ.”

మామగారు మోటారు గది గడప మీద కూర్చున్నారు. “నలభై ఏళ్లుగా ఈ మట్టితో మాట్లాడుతున్నాను. మధ్యలో ఈ దుబాసీ ఎందుకు?”

ఆయన వెనక గోడ మీద రెండు వరుసల సుద్దగీతలున్నాయి: పైన పది అడ్డగీతలు, కింద పది నిలువుగీతలు.

“అవేమిటి?”

“ఏవో గీతలు లెండి.” ఆయన మొహం తిప్పుకున్నారు.

“దొంగ దొరికినట్టేనా సార్?” సహాయకురాలు గుసగుసలాడింది.

“మనిషి దొరికాడు. దొంగ కాదు.”

నాలుగింటికి రైతులంతా గట్టు మీద చేరారు. పరిశోధకుడు ఆ ముగ్గురినీ ముందుకు పిలిచాడు. “నేలలో తడి ఉందో లేదో మీ పద్ధతిలో చూడండి. తర్వాత పుల్ల ఏమంటుందో చూడండి.”

మోటారు చూసేవాడు మడమతో నేల నొక్కాడు. పొరుగు రైతు ఆకు తిప్పి చూశాడు. మామగారు గుప్పెడు మట్టి తీసి పిసికి వదిలారు. అది పొడిపొడిగా రాలింది. ఆయన పుల్ల దగ్గరికి నడిచి, భుజాన ఉన్న సంచిలోంచి నీళ్ల సీసా తీసి, దాని మొదట్లోనే చేతులు కడుక్కున్నారు. తువ్వాలుతో తుడుచుకుని వేలికొసతో మీట నొక్కారు.

తెర మీద ‘తడి ఉంది’ అని వచ్చింది.

“చేతులెందుకు కడిగారు?” పరిశోధకుడు మెల్లగా అడిగాడు.

“మట్టిచేతులతో ముట్టుకోవద్దని మా కోడలే చెప్పిందిగా. మొదటి రోజే.”

అమ్మాయి నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుంది.

“రోజూ ఆరుంపావుకి జరిగేది ఇదే,” అన్నాడు పరిశోధకుడు. “చేనంతా ఎండినా ఇక్కడ గడ్డి మొలిచింది ఈ నీళ్లకే. గోడ మీద పై వరుస ఈయన చెయ్యి చెప్పిన పొడి, కింది వరుస పుల్ల చెప్పిన తడి. పాడుచెయ్యాలనుకునేవాడు రోజూ సరిచూసుకోడు. పదిమందిలో వెక్కిరించి, ఒంటరిగా వచ్చి దాన్నే అడిగారు. పరీక్ష పెట్టారు. పాపం, ప్రశ్నపత్రం మీదే నీళ్లు పోశారు.”

“మరి పంట ఎండుతుంటే మోటారు వెయ్యమనలేదేం మామయ్యా?” అని అడిగింది అమ్మాయి.

ఆయన అరచేతులు చూసుకున్నారు. “నా చెయ్యి పొడి అంటోంది, అది తడి అంటోంది. నా చేతికే వయసు మీదపడిందనుకున్నానమ్మా.”

గట్టు మీద కొందరు తమ చేతులకేసి చూసుకున్నారు.

అమ్మాయి పుల్లను పీకి, పక్క సాలులో పొడినేలలో పాతింది. అందరూ ఎదురుచూశారు. కాసేపటికి, ఎవరూ ముట్టకుండానే మోటారు గుర్రుమంది. కాలువలో నీళ్లు కదిలాయి.

“గోదాములో నా వంతు సెన్సారు పెట్టె రేపు విప్పండి,” అన్నాడు పొరుగు రైతు. “చేతులు ఇంట్లో కడుక్కునే వస్తాను.”

మామగారు మోటారు గదికి వెళ్లి, రెండు వరుసల్లోనూ ఒకేలాంటి గీత గీశారు. సుద్ద అంటిన చేతులతో బయటికొచ్చి కోడలి ముందు నిలబడ్డారు.

“ఇప్పుడు చెప్పమ్మా, ఎక్కడ కడుక్కోను?”