ఇరవై గోలీలు, రెండు రంగుల ఊక

రొయ్య పిల్లలను మోసే వ్యాన్ వెనక భాగంలో, ఆక్సిజన్ మోటారు రొద మధ్య, చీఫ్ రాజ్ కుమార్ ఫైల్ తెరిచాడు.

"ఆపరేషన్ పొత్తిలి. మైపాడు దారిలో ఒక ల్యాబ్. అక్కడ కడుపుతో ఉన్న ఎలుకలకు నకిలీ ఇన్ఫెక్షన్ ఇస్తారు. అసలు వైరస్ కాదు, ఒంట్లో వైరస్ దూరిందని నమ్మించే ఇంజెక్షన్. తల్లి రెండ్రోజులు నలతపడి కోలుకుంటుంది. కానీ పుట్టిన పిల్లలు పెద్దయ్యాక తేడాగా ఉంటాయి."

ఏజెంట్ ఫేబీ చేతిలో పెన్ను ఆగింది. "తేడా అంటే ఏంది సార్?"

"తోటి ఎలుకల దగ్గరికి పోవు. చేసిందే చేస్తుంటాయి. ఊక మీద ఇరవై గోలీలు పెడితే, మామూలు ఎలుకలు కొన్నిటినే పూడుస్తాయి. ఇవి దాదాపు అన్నిటినీ పూడ్చేస్తాయి."

ఎనిమిదేళ్ల కిందట, కూతురు అబిగయీలు కడుపులో ఉన్న ఐదో నెలలో ఫేబీకి నూటమూడు జ్వరం వచ్చింది. ఇప్పుడు అబిగయీలు గవ్వలు వరసగా పేర్చుకుంటుంది. వరస చెదిరితే అన్నం మానేస్తుంది. ఆ రెండిటినీ కలిపి ఆలోచించినట్టు ఫేబీ ఎవరికీ చెప్పలేదు, మొగుడికి కూడా.

"వాల్టర్ అనే విదేశీయుడి ముఠా దీనికి విరుగుడు మందు తెచ్చింది. పని చేయని మందు. శుక్రవారం నాలుగు గంటలకు కమిటీ ముందు గోలీల పరీక్ష. పాసైతే జిల్లాలో గర్భిణుల మీద ట్రయల్. వాల్టర్ పక్కన సెక్రటరీగా మన మనిషి ఉంది. క్యాథరిన్. ఆమె డ్రైవర్‌గా జడ్సన్."

జడ్సన్ ఫేబీ మొగుడు.

"క్యాథరిన్‌కి పట్టుచీరలు, ఏసీ కారు, లిప్‌స్టిక్‌లో రికార్డరు," అన్నాడు చీఫ్.

"నాకు సార్?"

"టిఫిన్ క్యారియర్‌లో వైర్‌లెస్. ఎలుకల పంజరాల్లో ఊక మార్చే పనిమనిషి ధనలక్ష్మి వేషం."

ఆ మధ్యాహ్నమే పార్కింగ్‌లో ఫేబీ మొగుణ్ణి పట్టుకుంది.

"ఏందయ్యా ఆ నవ్వు? నా దగ్గర ఎప్పుడన్నా అన్ని పళ్లు బయటపెట్టినావా?"

"డ్యూటీ మే."

"మల్లెపూలు కొనీడం కూడా డ్యూటీనా?"

"ఆమె అడిగింది, తెచ్చినా."

"నేనూ అడగతానే ఉండా, పెళ్లైనకాడి నుంచీ."

ఇక ఫేబీ కళ్లు వాల్టర్‌ని వదిలేశాయి. క్యాథరిన్ ఎక్కడికి పోతే అక్కడికి పోయాయి. గురువారం క్యాథరిన్ వాష్‌బేసిన్ దగ్గర వాంతి చేసుకుని, పొట్ట మీద పమిట సర్దుకుంది. ఆ సర్దుకోవడం ఏ ఆడదానికైనా తెలుస్తుంది. ఫేబీ గబగబా నెలలు లెక్కపెట్టింది. జడ్సన్ ఈ డ్యూటీలో చేరి మూడు వారాలు. ఆ కడుపు చూస్తే ఐదో నెల. గండం గడిచింది. కుళ్లు మాత్రం గడవలేదు.

శుక్రవారం మూడున్నర. ఊక గంపతో లోపలికి వెళ్లిన ఫేబీ పంజరాల ముందు నిలబడిపోయింది.

మంగళవారం ఊక మార్చింది తనే. ఆరోగ్యంగా ఉన్న తల్లుల పిల్లలకు కోవూరు మిల్లు పచ్చి బియ్యం ఊక, బంగారు రంగుది, వేసింది. బస్తా అక్కడితో అయిపోయింది. మందు తాగిన తల్లుల పిల్లలకు కొడవలూరు నుంచి తెచ్చిన ఉప్పుడు బియ్యం ఊక, నల్లచాయది, వేసింది. ఇప్పుడు 'మందు' అని రాసిన కార్డులు బంగారు ఊక పంజరాలకు తగిలించి ఉన్నాయి.

ఎవరో కార్డులు మార్చారు. పొద్దున లోపలికి వచ్చింది క్యాథరిన్ ఒక్కతే. పట్నంలో పెరిగిన మనిషి. ఆమెకు ఏ ఊకైనా ఊకే.

ఫేబీ టిఫిన్ క్యారియర్ మూత తీసింది. "సార్, క్యాథరిన్ అవతలి పక్షానికి పోయింది."

"ఫేబీ, ఈ వారంలోనే ఆమె మీద నాలుగు రిపోర్టులు పంపినావు. ఒకటి జాకెట్టు గురించి. ఇది అసూయ. ఓవర్."

పది నిమిషాల తర్వాత ఊక గదిలో క్యాథరిన్ చెయ్యి ఫేబీ గుప్పిట్లో ఉంది.

"ఎంతకు అమ్ముడుపోయినావే?"

క్యాథరిన్ గోడకు జారగిలబడింది. "డబ్బు కాదక్కా. నాలుగో నెలలో నాకు జ్వరమొచ్చింది. ఈ ఎలుకల్ని చూసినాక కంటి మీద కునుకు లేదు. కార్డులు మారిస్తే మందు ముందు నాకే ఇస్తానన్నాడు వాల్టర్."

"కార్డులు మారిస్తే గాని పాస్ కాని మందు నీ బిడ్డకేం పని చేస్తాదే?"

క్యాథరిన్ తలెత్తి చూసింది. భయంలో ఆ మాట ఆమెకు ఒక్కసారీ తోచలేదు.

"నాకూ వచ్చింది," అంది ఫేబీ. ఎనిమిదేళ్లలో మొదటిసారి ఆ మాట బయటికి వచ్చింది. "ఐదో నెల్లో, నూటమూడు."

"బిడ్డ?"

"గవ్వలు పేర్చుకుంటాది. వరస చెరిపితే కొడతాది. సండే స్కూల్లో బైబిల్ వచనాలు అందరికంటే ముందు చెప్తాది. జొరం వల్లనో, నా పోలికో, నాకు తెలీదు. ఎలుక ఎలుకేనే, మనిషి కాదు. ఆ ఎలుకల్లో కూడా ఒకటి గోలీల పక్కనే హాయిగా నిద్రపోయింది. ఊక మార్చేదాన్ని, నా కళ్లతో చూసినా. నిన్ను నిజమైన డాక్టరమ్మకాడికి నేను తీసకపోతా. పద."

నాలుగుకి ఒక నిమిషం. పరీక్ష హాల్లో వాల్టర్ స్టాప్‌వాచ్ పట్టుకుని నవ్వుతున్నాడు. బొటనవేలు బటన్ మీదికి వెళ్లింది.

"ఆపండి!"

ఫేబీ రెండు గుప్పిళ్ల ఊక తెచ్చి కమిటీ పెద్ద పద్మనాభయ్య గారి ముందు పోసింది. మంగళవారం దేనికి ఏది వేసిందో చెప్పింది. ఆయన వరి పండించే ఇంటి మనిషి. చిటికెడు నలిపి, వాసన చూశాడు.

"ఇది ఉప్పుడు ఊక. ఇది పచ్చిది. కార్డులు ముట్టుకున్నదెవరు?"

"నేనే సార్," అంది క్యాథరిన్. లిప్‌స్టిక్ తీసి బల్ల మీద పెట్టి, దాని అడుగు భాగం తిప్పింది. వాల్టర్ గొంతు హాలంతా వినిపించింది: "కార్డులు మార్చు. మందు నీకే మొదట."

కార్డులు యథాస్థానానికి చేరాయి. మందు తాగిన తల్లుల పిల్లలు అరగంటలో ఇరవైకి పద్దెనిమిది గోలీలు పూడ్చేశాయి.

అది చూడటానికి వాల్టర్ లేడు. పరుగున వెళ్లి ఏసీ కార్లో దూకాడు. "పోనీ!" అన్నాడు.

"అట్టే సార్," అన్నాడు జడ్సన్. నాలుగు తలుపులూ లాక్ చేసి, కారును తిన్నగా చీఫ్ వ్యాన్ ముందు ఆపాడు.

ఆదివారం, ఆరాధన అయ్యాక, ఫేబీ కూతుర్ని మైపాడు బీచ్‌కి తీసుకెళ్లింది. ఎవరూ చూడకుండా ఇసక మీద ఇరవై గోలీలు పరిచి, వాచీ చూసుకుంటూ కూర్చుంది.

అబిగయీలు ముందు వరసగా పేర్చింది. తర్వాత ఒక్కొక్కటీ పూడ్చింది. ఇరవైకి ఇరవై.

ఫేబీ కూతురి దగ్గరికి జరిగింది. "ఎందుకు పూడ్చినావు తల్లీ?"

"పైన పెడితే నాన్న తీసకపోయి ఆ పట్టుచీర ఆంటీకి ఇచ్చేస్తాడు."

ఫేబీ వాచీ దించి, గట్టిగా ఊపిరి వదిలింది. ఇది జ్వరం వల్ల వచ్చింది కాదు.