రొయ్య పెంకుల పొడి

"ఆ సీసా కింద పెట్టండి."

వకుళ తల ఎత్తకుండానే చెప్పింది. పరిశోధన కోసం ఆ ఉదయమే ఫార్మసీ ల్యాబ్‌లో చేరిన చక్రధర్ అప్పటికే సీసా పైకెత్తి వెలుగులో చూస్తున్నాడు.

"నీళ్లే కదా ఉండేది?"

"నీళ్లు కాదు, నానోజెల్. పగిలిందంటే వారం రోజుల పని పోయినట్టే."

వడమాలపేట మామిడితోటల్లో పెరిగిన చక్రధర్‌కు తిట్లు కొత్త కాదు. సందేహం వస్తే మాత్రం నిద్ర పట్టదు. "జెల్ అంటే జిగురుగా ఉండాల కదా. ఇదేంది, ఇంత తేటగా ఉండాది?"

వకుళ కోపం సగం దిగింది. ఇంట్లో ఎవరూ ఆమెను అలాంటి ప్రశ్న అడగలేదు.

"సబ్జా గింజ నీళ్లలో ఉబ్బుతుంది కదా. ఇవీ అట్లాంటివే, కంటికి కనపడనంత చిన్నవి. లోపల క్యాన్సర్ మందు పెడతాం. కణితి చుట్టూ కాస్త పులుపు ఎక్కువ. ఆ పులుపు తగిలితే ఉబ్బి మందు వదలాల."

"మరి మంచి చోట?"

"నోరు మూసుకొని ఉండాల."

"నాకు చేతగానిది అదే," అన్నాడు చక్రధర్. ఆమె నవ్వు ఆపుకోలేకపోయింది.

2006 వానాకాలమంతా ల్యాబ్ కిటికీలోంచి కొండ కనిపిస్తూ, మాయమవుతూ ఉండేది. వీళ్లు మాత్రం సీసాల మధ్య వాదించుకుంటూనే ఉన్నారు. మాటలు అయిపోతాయేమోనన్న భయంతో చక్రధర్ ఉత్తుత్తి సందేహాలు కూడా పుట్టించేవాడు. ఆ సంగతి ఆమెకు తెలుసు. అయినా ఓపిగ్గా చెప్పేది.

ఒక మధ్యాహ్నం వకుళ నాన్న శఠగోపం గారు వచ్చారు. గుడి వంటశాలలో పని, ఆచారం దగ్గర మహా గట్టి మనిషి. వకుళ పక్క గదిలో ఉండడంతో, ఆమె కోసం తెచ్చిన ప్రసాదం డబ్బాను బల్ల మీదున్న తెల్లటి పొడి పక్కన పెట్టబోయారు.

చక్రధర్ గబగబా వెళ్లి డబ్బాను రెండు చేతులా అందుకున్నాడు. "సామీ, ఆడ పెట్టొద్దు. అది రొయ్య పెంకుల పొడి. వకుళ జెల్ చేసేది దాంతోనే."

ప్రసాదం మైలపడకూడదన్నదే అతని తాపత్రయం. ఆ మాట వకుళ ఇంట్లో ఇన్నాళ్లూ దాచిందని పాపం అతనికేం తెలుసు!

శఠగోపం గారు డబ్బా వెనక్కి తీసుకొని పక్క గదిలోకి నడిచారు. కూతుర్ని వెంటబెట్టుకొని వెళ్లిపోయారు. ఆ వారం ఆమె ల్యాబ్‌కు రాలేదు. ఇక చదువు చాలన్నారని తెలిసింది.

ఆమె ఖాళీ స్టూలు చూస్తుంటే చక్రధర్‌కు అన్నం సహించలేదు. ఆదివారం వానలో తడుస్తూ వాళ్లింటికి పోయి అరుగు కింద నిలబడ్డాడు.

"తప్పు నాది సామీ. చదువు మాత్రం ఆపొద్దండి."

అరుగు మీద కూర్చున్న శఠగోపం గారు అతన్ని ఎగాదిగా చూశారు. "మందు కోసం వాటిని చంపుతారా?"

"లేదు సామీ. తినేవాళ్లు ఒలిచి పారేసిన పెంకులే."

ఆయన వాన వైపు చూపు తిప్పారు. "మా చెల్లెలిదీ క్యాన్సరే. కణితికని ఎక్కించిన మందు ఒళ్లంతా పాకింది. జుట్టు పోయింది. నోట్లో పుండ్లు లేచి పెరుగన్నం కూడా మింగలేకపోయింది. మీ జెల్ ఉండుంటే అది బతికేదా?"

వకుళ గడప దగ్గరికి వచ్చింది.

"తెలియదు నాన్నా. సీసాలో అయితే పులుపు తగిలినప్పుడే మందు వదిలింది. మనిషిలో ఏమవుతుందో ఇంకా తెలియదు. అత్త కోసమే మొదలుపెట్టినాను. తెలుసుకోకుండా ఎట్లా ఆపేది?"

శఠగోపం గారు పైపంచెతో కళ్లు తుడుచుకున్నారు. "రేపట్నుంచి పో తల్లీ. సాయంత్రం రాగానే తలస్నానం చేసి వంటింట్లోకి రా. అంతే."

తర్వాత చక్రధర్ వైపు తిరిగారు. "ఇంత వానలో వచ్చినావే, జెల్ కోసమా, పిల్ల కోసమా?"

చక్రధర్‌కు దాచడం ఎప్పుడు వచ్చింది గనక! "మొదట్లో జెల్ కోసమే సామీ. ఇప్పుడు వకుళ లేకుంటే నాకు ఒక్క సందేహమూ పుట్టడం లేదు. నాకు ఆ పిల్లంటే ఇష్టం."

వకుళ తలుపు చాటుకు తప్పుకుంది గానీ లోపలికి మాత్రం పోలేదు.

శఠగోపం గారు తలుపు చాటున ఉన్న కూతురి వైపు ఒకసారి చూశారు. ఆ తర్వాత కొంచెం పక్కకు జరిగి అరుగు మీద చోటిచ్చారు.

"తడవకప్పా, పైకొచ్చి కూర్చో. మీ నాయన పేరేంది? ఏం చేస్తుంటాడు?"