మిరియాలు దంచిన గంట

చర్చి గోపురంలో నిచ్చెన చివర ఒంటికాలి మీద నిలబడి గంటను కొలుస్తున్న పిల్ల చెవిలో గంట మోగింది.

మోగింది గంట కాదు. ఆ గంట మోగి రెండు తరాలైంది. మోగింది దాని పక్కన కట్టిన లౌడ్‌స్పీకరు. ఆ అదురుకు ఆమె చేతిలో టేపు జారి, మెట్ల మీదుగా దొర్లి, కింద నిలబడ్డ మైకు నెత్తిన పడింది.

మైకు అంటే మనిషే. చర్చిలో స్పీకర్లు, వైర్లు, పాటలవాళ్ళ కీబోర్డు చూసుకునే కుర్రాణ్ణి అందరూ అలాగే పిలుస్తారు. రోజూ ప్రార్థన వేళకు అతను ఫోనులో మీట నొక్కుతాడు. స్పీకర్లో రికార్డు గంట మోగుతుంది. అది ఏ ఊరి గంటో దేవుడికే తెలియాలి.

"ఎవరండీ పైన?" అన్నాడు నెత్తి తడుముకుంటూ.

"మనిషిని. మీ దయవల్ల ఇంకా బతికే ఉన్నాను."

"ఎక్కేముందు చెప్పాలి కదండీ."

"మోగించేముందు చూడాలి కదండీ."

"నేను రోజూ మోగిస్తాను."

"నేను రోజూ ఎక్కుతాను. గంటలు బిగించడం మా ఇంటి పని."

ఆమె దిగి వచ్చింది. చేతులకు గ్రీజు, ముక్కు మీద సాలెగూటి పోగు. ఆ పోగు సంగతి చెప్పడం మర్యాద. అతను చెప్పలేదు. అది ఉంటే ఆమె ఇంకా బాగుంది.

మూగ గంటను బాగు చేయించాలని పాస్టరుగారు పిలిపించారట. "గంటకు ఏ రోగమూ లేదు. లోపల వేలాడుతూ గంటను కొట్టే ఇనుప నాలుక ఉంటుంది చూశారూ, అది లేదు. ఎవరో ఊడదీసుకుపోయారు" అంది.

"ఎవరు?"

"మీ ఊరి దొంగల్ని నన్నడుగుతారేం?"

సుద్దముక్కతో నేల మీద బొమ్మ గీసింది. మూరెడు కాడ, ఒక కొసన రింగు, రెండో కొసన లావుపాటి గుండు. "ఇలా ఉంటుంది. పాత చర్చిల్లో వస్తువులు ఎక్కడికీ పోవు, ఏదో మూల పడి ఉంటాయి. దొరికితే పూటలో బిగించి వెళ్ళిపోతాను. ఎక్కడైనా చూశారా?"

మైకు ఆ బొమ్మను గుర్తుపట్టాడు. అతను పుట్టినప్పటి నుంచీ దాన్ని చూస్తున్నాడు. నాయనమ్మ దాంతో మిరియాలు దంచుతుంది.

"లేదండీ" అన్నాడు.

చర్చిలో నిలబడి, పాస్టరుగారు పది అడుగుల దూరంలో ఉండగా ఆడిన అబద్ధం అది. ఆమె వెళ్ళిపోతాను అన్న ఒక్క మాటే అతనితో ఆడించింది.

అదే పూట పాస్టరుగారు ఇంకో పని చేశారు. పిల్లకు భోజనం, బస నాయనమ్మ ఇంట్లోనే ఏర్పాటు చేశారు. మైకు అడ్డదారిన ఇంటికి పరుగెత్తాడు. నాయనమ్మ పెరట్లో ఉంది. వంటింట్లో రోట్లోంచి ఇనుము లాగి చొక్కా కింద దోపుకునే సరికి, గుమ్మంలో గంటలమ్మాయి నిలబడి ఉంది.

"ఏమైందండీ, అలా వంగిపోయారు?"

"కడుపునొప్పి."

"పొట్ట గట్టిగా కనిపిస్తోంది."

"వ్యాయామం చేస్తానండీ."

దించుకున్న తల ఎత్తకుండా నడిచివెళ్ళి, ఇనుమును తన గదిలోని ఖాళీ కీబోర్డు పెట్టెలో పెట్టి తాళం వేశాడు.

ఆ వారమంతా ఇద్దరూ కలిసి వెతికారు. సామాన్ల గది, బెంచీల కింద, పాటలవాళ్ళ అరుగు వెనక, ఆఖరికి పాస్టరుగారి కోళ్ళగూడు. అతనంత శ్రద్ధగా ఎవరూ వెతకలేదు. లేనిచోట వెతకాలంటే చాలా శ్రద్ధ కావాలి.

ఒకరోజు వాన పట్టుకుంటే గోపురంలో ఇరుక్కుపోయారు. పైకప్పు కారుతోంది. పొడి జాగా ఒకటే ఉంది, అదీ ఒక మనిషికి సరిపోయేంత.

"జరగండి" అంది.

"ఇంకా జరిగితే వానలో పడతాను."

"పడండి. నేను పిలిస్తే వచ్చిన మనిషిని, మీరు ఊళ్ళో మనిషి. అతిథికి మర్యాద చెయ్యరా?"

అతను వానలోకి జరిగాడు. ఆమె కాసేపు చూసి, చొక్కా చెయ్యి పట్టుకుని వెనక్కి లాగింది. వాన తగ్గింది. ఇద్దరికీ ఆ సంగతి ఆలస్యంగా తెలిసింది.

ఆదివారం పాస్టరుగారు ఎనిమిదో ఆజ్ఞ మీద ప్రసంగించారు. దొంగతనం మీద. మైకు వాల్యూం తగ్గించాడు. దేవుడికి వాల్యూంతో పని లేదని తెలుసు కాబట్టి తల వంచి ప్రార్థన చేసుకున్నాడు. ప్రభువా, ఇచ్చేస్తాను, ఇవాళ మాత్రం కాదు.

సోమవారం పొద్దున ఆమె పనిముట్ల సంచీ సర్దింది.

"ఇక దొరకదండీ. కొత్తది పోత పోయాలి. కొలిమి మా ఊళ్ళో. మధ్యాహ్నం బస్సుకు వెళ్తున్నాను. బిగించడానికి మా బాబాయి వస్తాడు."

"మీరు రారా?"

"ఎందుకు రావాలి? కారణం ఉంటే చెప్పండి, వస్తాను."

చెప్పడానికి ఇంతకంటే బార్లా ఎవరూ తలుపు తెరవరు. మైకు గొంతు సవరించుకున్నాడు.

"మీ బాబాయిగారు బాగా బిగిస్తారా?"

ఆమె అతన్ని పైనుంచి కిందికి చూసింది. "చాలా బాగా" అని, మిగిలిన తాళ్ళు తెచ్చుకోవడానికి గోపురం వైపు వెళ్ళిపోయింది.

ఇంటికొస్తే కీబోర్డు పెట్టె తాళం ఊడదీసి ఉంది. నాయనమ్మ ఒళ్ళో ఇనుము ఉంది.

"వారం రోజులుగా నాకు దంచని మిరియాలు తినిపిస్తున్నావు. ఇదేంటో తెలుసా నీకు?"

"గంట నాలుక. మరి నీకు?"

"ఊడదీసిన దాన్ని నేనే, నాకు తెలీదట్రా? కూచో."

కూచున్నాడు.

"మీ తాత గంట కొట్టేవాడు. అప్పటికి మాకు పెళ్ళి కాలేదు. చూపులే. యుద్ధం వచ్చింది. పటాలంలోకి పట్టుకుపోయే లారీలొచ్చాక, గంట మోగితే మగపిల్లలంతా చర్చి ముందు నిలబడాలన్నారు. నిలబడ్డవాణ్ణి నిలబడ్డట్టే ఎక్కించేవారు. మర్నాడు మా వీధివాళ్ళ వంతని తెలిసింది. ఎక్కాను, ఊడదీశాను, ఓణీ కింద కట్టుకుని దిగాను. అప్పటి పాస్టరు ఎదురొచ్చి, ఒళ్ళు చేశావేమే అన్నాడు."

"తాతయ్యను కాపాడటానికా?"

"ఇంకెవరి కోసం? పొద్దున తాడు లాగాడు. ఎంత లాగినా చప్పుడు లేదు. పొలాల్లో ఉన్నవాళ్ళకు తెలియక ఒక్కడూ రాలేదు. ఆఫీసరు చుట్టూ చూశాడు. ఎదురుగా చేతిలో తాడు పట్టుకుని ఒకే ఒక్క కుర్రాడు. వాణ్ణే ఎక్కించుకుపోయాడు."

మైకు నవ్వు బిగబట్టాడు.

"నవ్వరా. నా వంతు ఏడుపు నాలుగేళ్ళు ఏడ్చేశాను."

"తిరిగొచ్చి ఏమన్నాడు?"

"కుంటుకుంటూ వచ్చి గుమ్మంలో నిలబడి, నా గంట నాలుక ఇవ్వు అన్నాడు. నేనే తీశానని నీకెలా తెలుసన్నాను. జేబులోంచి నా రిబ్బను తీశాడు. గోపురం మెట్ల మీద దొరికిందట. నాలుగేళ్ళు యుద్ధంలో మోశాడు దాన్ని. పెళ్ళి చేసుకుంటే ఇస్తానన్నాను. చేసుకున్నాడు. ఇవ్వలేదు."

"అన్యాయం కదా నాయనమ్మా."

"మళ్ళీ లారీలొస్తే? అందుకే రోట్లో వేశాను. పోయేదాకా అడిగాడు. ఇవ్వవే అని. దేవుడికి ఆ రోజే చెప్పుకున్నాను, ఆయన ఊరుకున్నాడు. మీ తాతే ఊరుకోలేదు."

ఇనుమును అతని ఒళ్ళోకి తోసింది.

"దాక్కో, నువ్వు పోతే నేను ఉండలేను అని ఒక్క మాట చెప్పి ఉంటే దాక్కునేవాడు. నోరు తెరవాల్సిన చోట నేను ఇనుము దాచాను. నువ్వూ నా మనవడివే. ఆ పిల్ల బస్సెప్పుడు?"

"మధ్యాహ్నం."

"మరి నా మొహం చూస్తూ కూచున్నావేం?"

గోపురం పైన ఆమె తాళ్ళు చుడుతోంది. మైకు రొప్పుతూ ఎక్కి ఇనుమును ఆమె ముందు పెట్టాడు.

"నా దగ్గరే ఉందండీ. మొదటి రోజు నుంచీ."

"తెలుసు."

"తెలుసా?"

"చొక్కా గుండీల మధ్యనుంచి రింగు బయటికి వచ్చింది. కడుపునొప్పికి రింగు ఉండదు."

"మరి వారమంతా ఎందుకు వెతికారు?"

"మీరు ఎంతదూరం పోతారో చూద్దామని. కోళ్ళగూట్లో తల దూర్చినప్పుడు జాలేసింది."

"బస్సు కూడా ఉత్తదేనా?"

"బస్సు నిజం." నవ్వు ఆపింది. "ఇవాళ కూడా తేకపోతే ఎక్కేసేదాన్ని. గంటకు నాలుక లేకపోతే పోత పోస్తాం. మనిషికి లేకపోతే మా కొలిమి ఏం చెయ్యగలదు?"

అతను గట్టిగా ఊపిరి పీల్చుకున్నాడు.

"వెళ్ళొద్దు. నువ్వు వెళ్తావని భయపడి దాచాను. నువ్వు ఉండిపోవాలి."

"పొద్దుటిదాకా మీరు. ఇప్పుడు నువ్వా?"

"మెట్లెక్కి వచ్చేసరికి ఊపిరి చాలలేదు. చిన్న మాటే వచ్చింది."

"ఉంచుకో, బాగానే ఉంది. ఆ స్పానరు ఇటివ్వు" అంది.

ముక్కు మీద మళ్ళీ సాలెగూటి పోగు. ఈసారి అతను వేలితో తీశాడు. ఆమె వద్దనలేదు.

బిగించడం అయ్యేసరికి కింద జనం పోగయ్యారు. నాయనమ్మ కర్ర పాస్టరుగారి చేతికిచ్చి తాడు పట్టుకుంది. ఆమె లాగబోతే అందరూ సాయానికి వచ్చారు. కసిరింది. ఒంటరిగానే లాగింది.

గంట మోగింది. స్పీకరు మోతలా కాదు. అరికాళ్ళలోంచి మోగింది.

నాయనమ్మ పైకి చూసి, అక్కడ లేని మనిషితో అంది. "ఇచ్చేశాను. ఇక అలక మాను."

కళ్ళు తుడుచుకోలేదు. దిగి వచ్చిన గంటలమ్మాయి వైపు తిరిగింది.

"అంతా బాగానే ఉంది. ఇప్పుడు నేను మిరియాలు దేంతో దంచుకోవాలి?"

"కొత్త రోకలి నేను చేసిస్తాను మామ్మగారూ."

"చేసి, బాబాయితో పంపుతావా?"

"రోలు కొలత తీసుకోవాలి. చేతివాటం చూడాలి. పక్కన ఉండి చెయ్యాల్సిన పని." ఓరకంట మైకు వైపు చూసింది. "చాలాకాలం పడుతుంది."

"మా పాస్టరుగారు కూడా పక్కనే ఉంటారు" అంది నాయనమ్మ. "పెళ్ళిళ్ళు లేక ఖాళీగా ఉన్నారు, ఆయనకూ ఏదైనా పని చెప్పండి."

ఇంతలో ప్రార్థన వేళ కావడంతో మైకు అలవాటు కొద్దీ ఫోనులో మీట నొక్కాడు, స్పీకరు రికార్డు గంట అందుకుంది. ఆమె చెయ్యి చాపింది. మైకు మారుమాట్లాడకుండా ఫోను ఇచ్చేశాడు.