ఎదురుబండి కనుసైగ

2068లో మైదానాల మీద ఎవరూ బండి తోలేవారు కారు. నంద్యాలలో కారెక్కి ఊరిపేరు చెప్పి కాళ్లు చాపుకుంటే మిగతా సంగతి కారే చూసుకునేది. అయితే గాజులపల్లె దాటి నల్లమల ఘాటు మొదలయ్యే చోట ప్రతి బండీ ఒక్క క్షణం ఆగేది. డాష్‌బోర్డు లోపలి నుంచి స్టీరింగు చక్రం మెల్లగా బయటికి వచ్చేది. "ఇక మీ చేతికి" అనేది కారు. అంతవరకూ కునుకు తీస్తున్న పెద్దమనిషి లేచి, చొక్కా సవరించుకుని, పోయిన రాజ్యం తిరిగి దక్కినంత సంబరంగా చక్రం పట్టుకునేవాడు.

ఆ చక్రం ఊరికే దక్కలేదు. ఘాటులో లోయలు ఎక్కువ, అడవి దట్టం. ఉపగ్రహ సంకేతాలు సరిగా అందవు గనక అక్కడ కార్లు తమంతట తాము నడవలేవు. ఆ సాకుతో ప్రభుత్వం రోడ్డునే మూసేస్తానంది. వాహనదారులు రోడ్డు మీద బైఠాయించి, మా బండి మేం తోలుకుంటామని పోరాడి 'చక్రం హక్కు' సాధించుకున్నారు. సరే తోలుకోండి, కానీ గంటకు నలభై దాటొద్దు అంటూ ప్రభుత్వం పద్నాలుగు వేగ కెమెరాలు నిలబెట్టింది. మళ్లీ గొడవ మొదలైంది.

డాక్టర్ మద్దిలేటి వకుళ ఆ గొడవ మధ్యలోకి వచ్చిపడిన రహదారి శాస్త్రజ్ఞురాలు. ఘాటు కింద పాత అటవీ బంగళాలో ఆమె పరిశోధనశాల. ముందుగా ఆమె రెండువేల మూడువందల మంది వాహనదారుల అభిప్రాయాలు సేకరించింది. వేగపరిమితి ఉండాలా అని అడిగితే నూటికి తొంభై రెండు మంది ఉండితీరాలన్నారు. మీకు కూడానా అని అడిగితే అందులో సగం మంది నొచ్చుకున్నారు. పరిమితి అనేది తోలడం రానివాళ్ల కోసమట. మీరు మిగతావాళ్ల కంటే బాగా తోలతారా అన్న ప్రశ్నకు, మొన్ననే పొలంలోకి పల్టీ కొట్టిన ఆసామితో సహా అందరూ అవుననే జవాబిచ్చారు. తన తప్పు తనకు తెలియదు, తన వీపు తనకు కనపడదు అని పెద్దలు ఊరికే అన్నారా!

కెమెరాల లెక్క ఇంకా విడ్డూరంగా ఉంది. రోడ్డులో పాతిన వేగశ్రుతులు, అంటే చక్రాల చప్పుడును బట్టి వేగాన్ని పట్టే సెన్సర్లు, అసలు విషయం బయటపెట్టాయి. బండ్లు కెమెరా ముందు నలభైకి తగ్గుతాయి. దాటగానే ఆ పోయిన సమయాన్ని రాబట్టుకోవడానికి ఎనభైకి లేస్తాయి. ఏడో కెమెరాకు ఆరువందల మీటర్ల అవతల ఉడుముల మలుపు ఉంది. కిందటేడు ఆ ఒక్క మలుపులోనే పదకొండు మంది పోయారు.

రహదారి భద్రతా కమిషనర్ వకుళను పిలిచి ఖరాఖండిగా చెప్పేశాడు. "చూడండి వకుళ గారూ, మీకు వచ్చే మార్చి నెలాఖరు దాకా గడువు. ఆలోగా ఆ మలుపులో ఇంకొక్క ప్రాణం పోతే రోడ్డు మూసేస్తాం. నేను నచ్చచెప్పినా పైవాళ్లు వినరు."

మూసేయడమంటే ఏమిటో వకుళకు తెలుసు. ఆ రోడ్డు మీద రోజూ ఉదయం ఒకసారి, సాయంత్రం ఒకసారి పసుప్పచ్చ బడిబస్సు వెళుతుంది. ఘాటు మీది గూడేల పిల్లలు ముప్పై ఆరు మంది అందులో కిందికి వచ్చి చదువుకుంటారు. రోడ్డు మూస్తే వాళ్లకు బడి లేనట్టే. ఆ బస్సు తోలేది రేష్మా. ఆమె తండ్రి ఖాజా మొహిద్దీన్ ఉల్లిగడ్డల లారీ యజమాని, ఘాటు వాహనదారుల సంఘానికి అధ్యక్షుడు. కెమెరాలంటే ఒంటికాలి మీద లేస్తాడు.

"కెమెరాలు పీకేయండి మేడమ్. నలభై ఏండ్ల నుంచి తోలుతాండా. యాడ తగ్గాలో, యాడ తొక్కాలో మాకు తెల్దా?" అన్నాడు ఖాజా మొదటి సమావేశంలోనే.

"ఉడుముల మలుపులో మీ లారీ వేగం డెబ్భై రెండు, ఖాజా భాయ్. రేష్మా బస్సు కూడా అక్కడే తిరుగుతుంది కదా."

ఖాజా ముఖం కాస్త చిన్నబోయింది. "అది ఖాళీ బండిలే మేడమ్" అన్నాడు, ఖాళీ బండి తగిలితే దెబ్బ తగలదన్నట్టు.

ఆ రోజు తిరిగి వెళుతూ వకుళ ఒక చిన్న విషయం గమనించింది. చిన్నప్పటి నుంచీ చూస్తున్నదే గానీ ఎన్నడూ పట్టించుకోలేదు. ఎదురుగా వస్తున్న లారీ ఆమె కారుకు రెండుసార్లు హెడ్‌లైటు కొట్టింది. ముందర కెమెరా ఉంది, చూసుకో అని అర్థం. ముత్తాతల కాలంలో పోలీసు చెట్టుచాటున నిలబడితే లారీవాళ్లు ఇచ్చుకున్న సైగే అది. ఎవడో ఏమిటో తెలియని మనిషి కోసం, ఏ లాభమూ లేకుండా, ప్రతివాడూ ఆ సైగ ఇస్తాడు. అందుకున్నవాడు బోర్డును నమ్మడు, కెమెరాను తిట్టుకుంటాడు, ఎదురుబండి సైగకు మాత్రం కిమ్మనకుండా బ్రేకు వేస్తాడు.

అలా పుట్టింది 'కనుసైగ' యంత్రం. బొటనవేలంత పెట్టె. దాన్ని నూట నలభై ప్రభుత్వ బస్సులకూ జీపులకూ హెడ్‌లైటు వెనక బిగించారు. మలుపు వైపు ఏ బండి అయినా నలభై దాటి వస్తుంటే, వేగశ్రుతి ఆ సంగతి దగ్గరలో ఉన్న ఎదురుబండికి చేరవేస్తుంది. ఆ బండి లైటు దానంతట అదే రెండుసార్లు కొడుతుంది. వచ్చేవాడు, పాపం ఎవరో మంచివాడు చెప్పాడని తగ్గుతాడు. ఇదే అదనుగా వకుళ ఘాటులోని కెమెరాలను మరమ్మతు పేరుతో విప్పించేసింది. పెట్టెలు మాత్రం అలాగే నిలబడ్డాయి. అవి ఉత్త డొల్లలని తెలిసింది ముగ్గురికే. వకుళకు, కమిషనర్‌కు, పరిశోధనశాలలో లెక్కలు చూసే 'తోడు' అనే మాట్లాడే కంప్యూటరుకు.

ఆగస్టులో మొదలుపెట్టారు. డిసెంబరు ముగిసేసరికి ఉడుముల మలుపులో ఒక్కరికి కూడా గీత పడలేదు. వకుళ మిఠాయిలు పంచింది. ఆ మర్నాడే తోడు ఆమెను ఆపింది.

"వకుళ గారూ, లెక్క కుదరడం లేదు. డిసెంబరులో మలుపు దగ్గరి కాంతి సెన్సర్లలో తొమ్మిదివేల నాలుగువందల సైగలు నమోదయ్యాయి. అందులో మన యంత్రాలు ఇచ్చినవి పదకొండువందలే."

"మిగతావి?"

"మనుషులు ఇచ్చినవి."

సైగ అందుకున్న ప్రతివాడూ ఆ రుణం తర్వాత ఎదురైన మనిషికి తీర్చేసుకుంటూ పోతున్నాడన్నమాట. జనవరిలో వకుళ గుండె చిక్కబట్టుకుని యంత్రాలన్నింటినీ ఆపేయించింది. సైగలు తగ్గలేదు. వేగమూ పెరగలేదు. మనిషిని నమ్మొచ్చు అని ఆ రాత్రి డైరీలో రాసుకుంది. ఆమెకు నిజంగా గర్వంగా ఉంది.

అక్కడితో ఊరుకుంటే బాగుండేది. కమిషనర్ ఊరుకోలేదు. ఆయన మంచివాడే గానీ, మంచి ఎక్కడ కనపడినా దానికి ఒక జీవో తగిలించకపోతే ఆయనకు నిద్రపట్టదు. ఫిబ్రవరి చివరి వారంలో సభ పెట్టి వాహనదారులను ఆకాశానికెత్తాడు. ఇకమీదట మలుపు దగ్గర ఎదుటివారికి హెడ్‌లైటుతో హెచ్చరిక ఇవ్వడం ప్రతి వాహనదారుడి చట్టబద్ధమైన బాధ్యత అని ప్రకటించాడు. బాగా సైగలిచ్చిన వారికి ప్రశంసాపత్రాలన్నాడు. ఘాటు రెండు చివరలా నీలిరంగు బోర్డులు వెలిశాయి. 'సైగ చేయండి, ప్రభుత్వానికి సహకరించండి.'

పది రోజుల్లో సైగలు రోజుకు వందల నుంచి పదులకు పడిపోయాయి. వేగం మళ్లీ డెబ్భైకి లేచింది. వకుళ కంగారుగా యంత్రాలు తిరిగి పనిచేయించింది. లాభం లేకపోయింది. ఇప్పుడు ఎదురుబండి లైటు కొడితే, వీడెవడో సర్కారు మనిషి అనుకుని జనం ఇంకాస్త తొక్కుతున్నారు. మార్చి తొమ్మిదిన ఒక కారు మలుపులో పిట్టగోడ దూకి చెట్టుకు తట్టుకుంది. ఇద్దరికి కాళ్లు విరిగాయి. ప్రాణాలు దక్కాయంటే అది చెట్టు దయ.

వకుళ తిన్నగా ఖాజా ఇంటికి వెళ్లింది. అతను వాకిట్లో లారీ టైర్లకు గాలి చూస్తున్నాడు.

"ఎందుకు మానేశారు ఖాజా భాయ్? రేష్మా బస్సు మీకు గుర్తు రాలేదా?" ఆమె గొంతులో కోపం దాగలేదు.

ఖాజా గాలిమీటరు కింద పెట్టాడు. "నా బిడ్డ పేరెత్తి నన్ను నిలదీయొద్దు మేడమ్. నాకూ భయమే. కానీ నిజం చెప్తా విను. అప్పుడు లైటు ఎందుకు కొడతాంటిమి? మనోడు వాళ్లకు దొరకకూడదని. ఇప్పుడేమో వాళ్లే కొట్టమంటాండారు. సర్కారోళ్ల పని మేం చేసేదేంది? సర్టిఫికెట్టంట, సర్టిఫికెట్టు! నా లారీకి దండ కూడా వేస్తారేమో."

"అంటే ఎదుటివాడి ప్రాణం కోసం కొట్టలేదా?"

ఖాజా తల గోక్కున్నాడు. "ప్రాణం కోసమే ఏమో. అట్లని ఎవురూ అనుకోరు గదా మేడమ్. సర్కారును ఏమార్చినామని ఒగ కుశాల, ఒగ సంబరం ఉంటాది సూడు, చెయ్యి దానంతట అదే లైటు మీదికి పోతాది."

వకుళ అక్కడి నుంచి కమిషనర్ ఆఫీసుకు వెళ్లింది. దారిలోనే కాగితం రాసుకుంది. ఆయన చదివి కళ్లద్దాలు తీసి తుడుచుకుని మళ్లీ చదివాడు.

"సైగ చేయడం నేరం అనమంటారా? మొన్న చేయమన్నది మనమే కదా! నవ్వుతారండీ."

"నవ్వనివ్వండి సార్. నిషేధం రాయండి, జరిమానా పెట్టండి. బోర్డు ఎర్రరంగులో పెద్దగా పెట్టండి."

"పట్టుకోవాలా మరి?"

"ఒక్కరిని కూడా పట్టుకోకండి. ఆ ఒక్కటీ నాకు మాటివ్వండి."

మార్చి పన్నెండున ఎర్రబోర్డులు లేచాయి. 'ముందున్న కెమెరాల గురించి హెడ్‌లైటుతో ఎదుటి వాహనదారులను హెచ్చరించుట నేరం.' ఆ సాయంత్రమే ఖాజా సంఘం అత్యవసర సమావేశం జరిపి, ఈ దుర్మార్గపు నిషేధాన్ని ప్రాణం పోయినా పాటించబోమని తీర్మానం చేసింది. మూడో రోజుకు సైగలు రెండువందలు. వారానికల్లా పాత లెక్క దాటిపోయాయి. పట్టపగలు నల్లమల ఘాటు మినుకుమినుకుమంటూ ఉంటే, వకుళ బంగళా కిటికీ దగ్గర నిలబడి ఒంటరిగా పగలబడి నవ్వింది.

మార్చి ఇరవై తొమ్మిది. గడువుకు ఇంక రెండు రోజులే ఉన్నాయి. మలుపు దగ్గర ఒక వేగశ్రుతి మొరాయించిందని తోడు చెబితే, వకుళ సాయంత్రం నాలుగింటికి కారు తీసింది. ఘాటు మొదట్లో చక్రం చేతికి వచ్చింది. రాయబోయే పరిశోధనా పత్రానికి ఏ పేరు పెట్టాలా అన్న ఆలోచనలో పడింది. రోడ్డు ఖాళీగా ఉంది, గాలి చల్లగా ఉంది, మనసు ఉల్లాసంగా ఉంది.

ఏడో కెమెరా పెట్టె దాటి కాస్త దూరం పోయాక, ఎదురుగా వచ్చిన లారీ రెండుసార్లు లైటు కొట్టింది.

ఆ పెట్టెల్లో కెమెరాలు లేవని లోకంలో ఎవరికైనా బాగా తెలుసునంటే అది వకుళకే. విప్పించింది ఆవిడే. అయినా ఆమె కాలు ఆలోచన కంటే ముందే బ్రేకు మీద పడింది. అప్పుడు చూసుకుంది మీటరు. అరవై ఏడు. ముల్లు దిగుతూ దిగుతూ ముప్పై ఐదుకు వచ్చేసరికి కారు ఉడుముల మలుపు తిరిగింది.

రోడ్డుకు సగం అడ్డంగా పసుప్పచ్చ బస్సు నిలబడి ఉంది. వెనక టైరు పగిలింది. రేష్మా కింద కూర్చుని జాకీ తిప్పుతోంది. పిల్లలు కొందరు పిట్టగోడ పక్కన వరసగా కూర్చున్నారు, కొందరు రోడ్డు మధ్యలో గీతలు గీసుకుని తొక్కుడుబిళ్ల ఆడుతున్నారు. వకుళ కారు వాళ్లకు పది అడుగుల ఇవతల ఆగింది.

రేష్మా పరుగున వచ్చింది. "మీరా మేడమ్! మెల్లగా వచ్చినారు కాబట్టి సరిపాయె. లేకుంటే..." అని ఆ మాట మింగేసి, పిల్లల మీద కేకలేస్తూ వాళ్లను గోడ పక్కకు తోలింది.

వకుళ మరోసారి మీటరు వైపు చూసింది. అరవై ఏడు, అరవై ఏడు అని లోపల ఎవరో అంటూనే ఉన్నారు. అభిప్రాయ సేకరణలో తను కూడా ఒక పత్రం నింపిన సంగతి ఇప్పుడు గుర్తొచ్చింది. మిగతావాళ్ల కంటే బాగా తోలతారా అన్నచోట అవుననే రాసింది.

ముంజేతి పట్టీలోంచి తోడు గొంతు వినిపించింది. "వకుళ గారూ, మలుపు ముందు ఒక వాహనం అరవై ఏడు వేగంతో వచ్చింది. నంబరు మీదే. నమోదు చేయనా?"

"చెయ్యి."

"వేగం తగ్గించిన కారణం అనే గడిలో ఏం రాయమంటారు? కెమెరా భయం అని రాయలేను. లేదని మీకు తెలుసు."

వకుళ లారీ వెళ్లిన వైపు చూసింది. ఆ డ్రైవరు ఆగిన బస్సు కోసం కొట్టాడో, లేని కెమెరా కోసం కొట్టాడో, ఎర్రబోర్డు మీద కసితో కొట్టాడో ఎవరికి తెలుసు? అతన్నడిగితే అతనికీ తెలియకపోవచ్చు.

"ఎదుటివాడు చెప్పాడు. అంతే రాయి."

టైరు మార్చేదాకా వకుళ అక్కడే ఉండి నట్లు అందించింది. బస్సు పిల్లల కేరింతలతో ఘాటు మీదికి సాగిపోయింది. చీకటి పడకముందే సెన్సరు సరిచేసి ఆమె కారు వెనక్కి తిప్పింది. ఏడో పెట్టె దగ్గర, సరిగ్గా ఎర్రబోర్డు కింద, ఎదురుగా ఒక కారు దూసుకొస్తోంది. లోపల ఒక కుర్ర జంట, పాటలు పాడుకుంటున్నారు. వకుళ అటూ ఇటూ చూసి, రెండుసార్లు లైటు కొట్టింది. ఆ కారు తగ్గింది. తోలుతున్న అమ్మాయి చెయ్యెత్తి దండం పెట్టి వెళ్లింది.

"వకుళ గారూ, ఇప్పుడు మీరు చేసింది నేరం. ఆ నిబంధన రాసింది మీరే" అంది తోడు.

"తెలుసులే" అంది వకుళ. ఆమెకు ఎంత కుశాలగా ఉందో చెప్పలేం.