వాల్వు ప్రాబ్లం

పెళ్ళిచూపుల విషయంలో శ్వేతకు ఒక నియమం ఉంది. వచ్చిన అబ్బాయి కేసరిబాత్ రెండో చెంచా నోట్లో పెట్టుకునేలోపు సంగతి చెప్పేయాలి. మొదటి చెంచాకే చెబితే మర్యాదగా ఉండదు. మూడో చెంచా దాకా ఆగితే ధైర్యం జారిపోతుంది.

ఇంతకు ముందు ఇద్దరు వచ్చారు. ఇద్దరూ ప్లేటు సగంలో కిందపెట్టి, "ఇంటికి పోయి చెప్పి పంపిస్తాం" అని లేచారు. ఆ తీపి రవ్వ కేసరిబాత్ చేసింది శ్వేతే కాబట్టి ఆమెకు రెండు విధాల బాధ.

"ఈ తూరైనా నోరు మూసుకోని ఉండవే," అంది అవ్వ నంజమ్మ, మనవరాలి జడలో కనకాంబరాలు తురుముతూ. "తాళి పడినాక నిదానంగా చెప్పుకోవచ్చు."

"అప్పుడు చెబితే అది చెప్పడం కాదవ్వా, దొరికిపోవడం."

"బుద్ధి చెప్పేకి వస్తే నాకే పాఠం చెప్తుంది!"

నగర్తపేటలో శ్వేత తండ్రి గోపాలప్పది గుండీల అంగడి. కింద అంగడి, పైన ఇల్లు. చొక్కా గుండీలు, కోటు గుండీలు, చిన్నపిల్లల గౌన్లకు కుట్టే కుందేలు బొమ్మ గుండీలు, ఏది కావాలన్నా శ్వేత కళ్ళు మూసుకుని డబ్బా తీసిస్తుంది. బీకాం చదివి అంగట్లోనే కూర్చుంటోంది. ఇరవై నాలుగేళ్ళు.

సంబంధం తెచ్చింది దూరపు బంధువు భాగీరథమ్మ. "గవర్నమెంటు ఇంజినీరు. అంతకన్నా ఏం కావాల?" అంది. ఆ మాట విన్నాక ఏ శాఖ అని అడగాలని ఎవరికీ తోచలేదు.

అబ్బాయి పేరు హర్ష. తల్లి జయమ్మతో వచ్చాడు. తండ్రికి ఆ ఆదివారం కూడా డ్యూటీ ఉందట. కాసేపయ్యాక పెద్దవాళ్ళు హర్షనూ శ్వేతనూ వరండాలోకి పంపారు. అక్కడ గోడ వారగా ఖాళీ బిందెలు బారులు తీరి ఉన్నాయి. హర్ష ప్లేటు చేతిలో పట్టుకుని ఆ బిందెలనే శ్రద్ధగా చూస్తున్నాడు.

"ఈయన నన్ను చూడ్డానికొచ్చినాడా, బిందెల్నా?" అనుకుంది శ్వేత. ఇంతలో అతని చెంచా రెండోసారి లేచింది.

"ఒక మాట ముందే చెప్పాల," అంది గబగబా. "వాల్వు ప్రాబ్లం ఉండాది."

చెంచా గాల్లోనే ఆగింది. "ఎన్నాళ్ళుగా?"

"చిన్నప్పట్నుంచీ."

"అయ్యో! ఇన్నేండ్లూ ఎవరూ చూడలేదా?"

"చూసినారు. పోయినేడు తెరిచినారు కూడా. ఇప్పుడు పరవాలేదు. కానీ మళ్ళా ఎప్పుడైనా ఇరుకు కావచ్చు. అందుకే ముందే చెప్తా ఉండాను."

హర్ష గట్టిగా ఊపిరి వదిలి నవ్వాడు. నవ్వితే ఎడమ బుగ్గ మీద సొట్ట పడుతుందని శ్వేత అప్పుడే చూసింది.

"ఇంతేనా అండీ? నేనింకా ఎవరినో ప్రేమించినానంటారేమో అని భయపడి చచ్చినా. వాల్వే కదా! మా నాయన ముప్పై ఏండ్లుగా అదే పని. రేపు పొద్దున్నే ఆయన్ను పిలుచుకొచ్చి చూపిస్తా."

"ముప్పై ఏండ్లుగానా?"

"ఈ పేటలో ఆయన చెయ్యి పడని వాల్వు లేదు."

కాబోయే మామగారు గుండె డాక్టరా! ఇంత పెద్ద సంగతి భాగీరథమ్మ ఎట్లా మరిచిపోయింది?

హర్ష కేసరిబాత్ మొత్తం తిని, "ఇంకొంచెం ఉంటుందా?" అని అడిగాడు.

ఆ రోజంతా శ్వేత డబ్బాలు తప్పు తీసింది. కోటు గుండీలు అడిగితే కుందేళ్ళిచ్చింది.

మరుసటి రోజు తెల్లవారగానే లేచి, తలంటుకుని, నీలం చీర కట్టుకుంది. గోపాలప్ప డాక్టరుగారి కోసం మంచి కుర్చీ తుడిచి పెట్టాడు. శ్వేత తన ఎకో రిపోర్టు చేతిలో పట్టుకుని కూర్చుంది. వీధిలో ఇనుము రాసుకుంటున్న చప్పుడు విని వరండాలోకి వచ్చింది.

ఇంటి ముందు రోడ్డు మీద ఇనప మూత తీసి ఉంది. నీళ్ళ బోర్డు ఖాకీ చొక్కా వేసుకున్న పెద్దాయన ఒకరు, మనిషెత్తు ఇనప కీని ఆ గుంతలో దింపి, రెండు చేతులా బలంగా తిప్పుతున్నాడు. పక్కన హర్ష గొంతుక్కూర్చుని టార్చి వేస్తున్నాడు.

ఒక్కసారిగా ఇంట్లో కొళాయి దగ్గింది, బుసకొట్టింది, ఆ తర్వాత ధారగా నీళ్ళు దూకాయి. వీధి వీధంతా బిందెల మోత. "గంగమ్మ తల్లి వచ్చెనే!" అంటూ నంజమ్మ బకెట్టు కోసం పరిగెత్తింది.

హర్ష తలెత్తి చూశాడు. జుట్టు నిండా దుమ్ము, ముఖం నిండా నవ్వు. "వాల్వు సరిపోయిందండీ! ఇన్నాళ్ళూ సగమే తెరుచుకోని ఉండె!"

శ్వేతకు నవ్వు వచ్చింది. ఆ నవ్వు పూర్తికాకముందే కళ్ళలో నీళ్ళు తిరిగాయి. నిన్న అతను రెండోసారి పెట్టించుకుని తిన్న కేసరిబాత్ గుర్తుకొచ్చింది. పాపం, అతనికేమీ తెలియదు.

నంజమ్మ సంగతి గ్రహించి మనవరాలి చెయ్యి పట్టుకుంది. "వాల్వని చెప్పినావా, లేదా? చెప్పినావు. ఆ పిల్లోడు ఇంకో మాదిరి అనుకుంటే నీ తప్పేముండాది? సుమ్నే ఊరుకో."

నిజమే, చెప్పింది. ఊరుకుంటే చాలు, ఆ సొట్ట బుగ్గ జీవితాంతం తన ఇంట్లోనే ఉంటుంది. శ్వేత ఒక్క నిమిషం ఆలోచించింది. ఆ తర్వాత అవ్వ చెయ్యి విడిపించుకుని మెట్లు దిగింది.

"నేను నిన్న ఒక మాట మింగేసినా," అంది హర్ష ఎదుట నిలబడి. "'నాకు' అనాల్సింది. నాకు వాల్వు ప్రాబ్లం ఉండాది. రోడ్డు మీదిది కాదు." రిపోర్టు పట్టుకున్న చేతిని గుండె మీద పెట్టుకుంది. "ఇక్కడిది."

టార్చి ఇంకా వెలుగుతూనే ఉంది. హర్ష దాన్ని ఆర్పడం మరిచిపోయాడు. తలెత్తి అడిగాడు, "మెట్లు ఎక్కగలరా?"

శ్వేత ముఖం మాడిపోయింది. సంతలో ఎద్దు పళ్ళు చూసినట్టు అడుగుతాడా? "ఎక్కుతాను. దేనికి?"

అతను జవాబు చెప్పేలోపు పెద్దాయన కీకి ఆనుకుని గుండెల మీద చెయ్యి రాసుకోవడం ఆమె కంటపడింది. ఆ పొద్దుటి చలిలోనూ ఆయన నుదురు చెమటతో తడిసింది.

"ఏమైందప్పా?"

"ఏం లేదు అమ్మణ్ణీ, గ్యాసు," అన్నాడు హర్ష తండ్రి ఓబళప్ప. "కీ తిప్పినప్పుడంతా వస్తాది. కూర్చుంటే పోతాది."

"చెయ్యి కూడా లాగుతుందా?"

"ఎడమ చెయ్యి లాగుతాది. నీకెట్ల తెలుసు?"

"గ్యాసుకు కీ తిప్పే టైము ఎట్ల తెలుస్తాదప్పా?" అని, శ్వేత హర్ష వైపు తిరిగింది. చిన్నప్పటి నుంచి గుండె ఆస్పత్రి బల్లల మీద కూర్చుని ఇలాంటి మాటలు ఎన్ని వినలేదు! "నా సంగతి తర్వాత చూద్దురు గానీ, ముందు ఆటో పిలవండి. ఇంటికి కాదు, ఆస్పత్రికి. ఇప్పుడే."

ఆటో వెళ్ళిపోయింది. నీలం చీర అంచు బురదయింది.

ఓబళప్పను చేర్చుకున్నారని, ప్రాణానికి భయం లేదని భాగీరథమ్మ కబురు తెచ్చింది. ఆ తర్వాత ఏ కబురూ లేదు. రోజులు గడిచాయి. కొళాయిలో నీళ్ళు మాత్రం రోజు విడిచి రోజు ఉధృతంగా వస్తున్నాయి. బిందె నిండినప్పుడల్లా నంజమ్మ ఒక మాట అనేది.

"నీళ్ళు మిగిలినాయి. అల్లుడు పోయినాడు."

"బేజారు చేసుకోకవ్వా. స్నానం బాగా జరుగుతుంది కదా."

పైకి అలా అన్నా, మెట్లు ఎక్కేటప్పుడల్లా ఆ ప్రశ్న శ్వేత చెవిలో మోగేది. కోపంతో రెండేసి మెట్లు ఎక్కేది. ఆయాసం రాకపోతే ఇంకా కోపం వచ్చేది. ఇది చూపించడానికి అతనేడీ?

ఒక మధ్యాహ్నం వాన పట్టుకుంది. అంగట్లో శ్వేత ఒక్కతే ఉంది. తలమీద కర్చీఫు కప్పుకుని ఎవరో లోపలికి దూకారు.

"గుండీ ఒకటి కావాల."

హర్ష. చొక్కాలోంచి నీళ్ళు కారుతున్నాయి. శ్వేత తల దించుకుని డబ్బాలు సర్దింది. "ఏ సైజు?"

"తెలీదు. గుండె దగ్గరిది." నిజంగానే అతని చొక్కాకు రెండో గుండీ లేదు.

"ఊడిందా, ఊడగొట్టినారా?"

"వానలో రావాలంటే ఏదో ఒక పని ఉండాల కదండీ."

శ్వేత నవ్వు ఆపుకుంది. "మీ నాయన ఎట్లున్నారు?"

"బాగుండాడు. గుండెకు రక్తం తీసుకుపోయే పైపులో అడ్డం ఉండాదంట. బెలూను పెట్టి తెరిచి, లోపల స్ప్రింగు మాదిరి ఒకటి పెట్టినారు. ఇంకొన్నాళ్ళు గ్యాసు గ్యాసు అంటా ఉంటే హార్ట్ అటాకే వచ్చుండేదన్నారు. బీడీ మానిపించినాము. మమ్మల్ని తిడతా ఉండాడు, అంటే బాగున్నట్టే."

"నా గురించి డాక్టర్ని అడిగినారా?"

"అడగబోయినా. మళ్ళా ఆగిపోయినా." హర్ష స్టూలు లాక్కుని కూర్చున్నాడు. "మీ వాల్వు సంగతి మీరే చెప్పాల. ఈసారి 'నాకు' అని మొదలుపెట్టండి."

శ్వేత నాలుగు కోటు గుండీలు తీసి బల్ల మీద పేర్చింది. పైన రెండు, కింద రెండు.

"నాకు, మీకు, అందరికీ గుండెలో నాలుగు గదులు. ఒళ్ళంతా తిరిగొచ్చిన రక్తం కుడి పక్క పై గదిలోకి వచ్చి, కింది గదిలోకి దిగి, ఊపిరితిత్తులకు పోతాది. అక్కడ గాలి నింపుకోని ఎడమ పక్క పై గదికి వస్తాది. మళ్ళా కింది గదికి. ఆ గదే ఒళ్ళంతటికీ నెట్టేది."

"అంటే పైన ట్యాంకు, కింద పంపు."

"మధ్యలో వాల్వు. నాకు చిన్నప్పుడు గొంతు నొప్పి వచ్చింది. ఎవరూ పట్టించుకోలేదు. ఆ తర్వాత జ్వరం, కీళ్ళ వాపు. అది పోతా పోతా ఈ ఎడమ పక్క వాల్వు రెక్కల్ని ఒకదానికొకటి అంటించి పోయింది." శ్వేత అతని చొక్కా కాజా చూపించింది. "కాజా మరీ చిన్నగా కుట్టినారనుకోండి. గుండీ ఎంత నెట్టినా దూరదు. రక్తం అట్లే వెనక్కి నిలిచిపోయి, ఊపిరితిత్తులు బరువెక్కి, నాలుగు మెట్లెక్కితే ఆయాసం. పోయినేడు తొడ దగ్గర నరంలోంచి సన్న గొట్టం పంపి, బెలూను ఊది, కాజా పెద్దది చేసినారు."

"ఇప్పుడు?"

"ఇప్పుడు బాగుండాను. మూడు వారాలకొక ఇంజక్షను, అది ఇంకా చానా ఏండ్లు. పిల్లల్ని కనొచ్చు, కానీ డాక్టరు దగ్గరుండి చూసుకోవాల. ఎప్పుడైనా మళ్ళా ఇరుకైతే ఆపరేషను కావచ్చు. దాచింది ఏమీ లేదు."

బయట వాన హోరు. హర్ష నాలుగు గుండీల వంక చూస్తూ, "మా ఇంట్లో అందరికీ ఇష్టమే," అన్నాడు.

శ్వేత వెంటనే తలెత్తింది. "మీ నాయన్ను ఆస్పత్రికి పంపినానని ఒప్పుకుంటే, నాకొద్దు. ఆ కృతజ్ఞత నాలుగు నెలలు ఉంటాది. ఆ తర్వాత నా ఇంజక్షన్లే మిగులుతాయి."

"మెట్లు ఎక్కగలరా అని అడిగినా, గుర్తుందా?"

"మరిచిపోతేనా!"

"మేముండేది రెండో అంతస్తు. మెట్లు నిలువుగా ఉంటాయి. కింద పోర్షను ఖాళీ అవుతా ఉండాది, ఓనరుతో మాట్లాడదామా అని ఆ నిమిషమే అనుకున్నా. అందుకే అడిగినా. నాయన చెయ్యి గుండె మీద పెట్టకముందే కదండీ అడిగింది?"

శ్వేత గుర్తు చేసుకుంది. టార్చి, దుమ్ము, ప్రశ్న. ఆ తర్వాతే పెద్దాయన చెమట. అవును, ముందే. ఇన్ని రోజులు రెండేసి మెట్లెక్కి తీర్చుకున్న కోపం ఎక్కడ పెట్టాలో తెలియక, సూది తీసి దారం ఎక్కించింది.

"కదలకండి. కుడతాను."

"గుచ్చుకుంటే?"

"గుండె దాకా దిగదు లెండి."

ఆ తర్వాతి ఆదివారం గోపాలప్ప, నంజమ్మ, శ్వేత కలిసి హర్ష వాళ్ళింటికి వెళ్ళారు. అప్పుడే ఖాళీ అయిన కింది పోర్షను ముందు కుర్చీలో ఓబళప్ప కూర్చుని ఉన్నాడు. వాల్వు కీ ముట్టుకోవద్దని డాక్టరు చెప్పాడని అలిగి ఉన్నాడు. శ్వేతను చూడగానే ముఖం వికసించింది. జయమ్మ వచ్చి, "నాకు మొదట భయమేసింది తల్లీ, అబద్ధం చెప్పను," అంది శ్వేత తలలో మల్లెపూలు పెడుతూ. "అయినా మొగుడి ఎద నొప్పిని గ్యాసని సోడా తాగించినదాన్ని, నేనెవర్ని భయపడేకి?"

"నీళ్ళు తిరగాలంటే పైపూ కావాల, వాల్వూ కావాల," అన్నాడు ఓబళప్ప. "నేను పైపు కేసు, అమ్మణ్ణి వాల్వు కేసు. నడుమ వీడొక ఇంజినీరు. గోపాలప్పా, ఇంకేం ఆలోచన? ముహూర్తం పెట్టించు."

నంజమ్మ మనవరాలి చెవిలో, "చెప్పి మంచి పని చేసినావులే," అని గొణిగింది. ఆమె అలా ఒప్పుకోవడం శ్వేతకు తెలిసి అదే మొదలు.

"మేడ మీద ఇల్లు చూపిస్తా రండి," అన్నాడు హర్ష. శ్వేత కొంగు దోపుకుని మెట్లెక్కింది. రెండంతస్తులూ దాటి డాబా మీదికి చేరి తిరిగి చూస్తే, హర్ష ఇంకా నాలుగు మెట్ల కింద గోడ పట్టుకుని రొప్పుతున్నాడు.

"మీరూ ఒకసారి చూపించుకోవాల," అంది శ్వేత.

అతను పైకొచ్చి, కొత్తగా కుట్టిన గుండీ మీద చెయ్యి పెట్టుకున్నాడు. "నాకు ప్రాబ్లం ఉండాది. 'నాకు' అన్నాను, విన్నారు కదా?"

"విన్నా. ఎన్నాళ్ళుగా?"

"కేసరిబాత్ రెండో చెంచా నుంచి."