లోపలికి దారి లేని గది

పొద్దున్నే కూతురు భవితకి జడ వేస్తూ ఉషారాణి మధ్యలో ఆగిపోయింది. ఏ పాయ మీదికి ఏ పాయ వేయాలో గుర్తు రాలేదు. రోజూ వేసే జడ, ఇదేం చోద్యం!

“అమ్మా, జల్దీ! బస్ ఛూట్ జాయేగీ!” అంటూ బస్సు తప్పిపోతుందని తొందరపెట్టింది పిల్ల.

ఎలాగో రబ్బరు బ్యాండు చుట్టి బడికి పంపింది.

ఆ హిందీ ఊరి రైల్వే క్వార్టర్‌లో వెనకగదే ఆమె ఆఫీసు. పాలిటెక్నిక్‌లో నేర్చుకున్న డ్రాయింగ్‌తో కంప్యూటర్ మీద ఇళ్ళ ప్లాన్లు గీస్తుంది. ఊళ్ళో కొత్తగా వెలుస్తున్న రాజ్‌కిశోర్ నగర్‌లో రోజుకో ఇంటికి పునాది పడుతున్న కాలమది. ఇది ఉద్యోగం కాదు. సెలవు లేదు, చాలించి ఇంటికెళ్ళమనే పై అధికారీ లేడు. భర్త తిరుమలరావు గూడ్సు బండి డ్రైవరు, డ్యూటీకెళ్తే ఎప్పుడొస్తాడో తెలియదు. ఉషారాణికి ఒకటే భయం. ఒక్కసారి కాదంటే మళ్ళీ ఎవరూ గుమ్మం తొక్కరు, తనకంటూ ఉన్న ఈ ఒక్క పనీ పోతుంది. ఆ భయంతో పండగా పబ్బమూ లేకుండా గీసి గీసి, ఇప్పుడు కళ్ళు మూసినా గీతలే కనిపిస్తున్నాయి పాపం.

ఫోన్ మోగింది. కాంట్రాక్టర్ సోనీ.

“మేడమ్, ఇస్ కమ్రే మే జాయేంగే కైసే? ఈ గదిలోకి గోడ దూకి వెళ్ళాలా? మా మేస్త్రీ ఒకటే నవ్వు!”

గబగబా ప్లాను తెరిచి చూసింది. పడకగదికి కిటికీ ఉంది, బట్టల బీరువాకి చోటుంది. తలుపు లేదు. నాలుగు పక్కలా గోడలే. ఎన్నిసార్లు సరిచూసిందో ఆ కాగితాన్ని! గోడ ఇంకా లేవలేదు గనక సరిపోయింది.

అప్పుడే అత్తగారు లక్ష్మీనరసమ్మ టీ పట్టుకొచ్చింది. ముఖం వెలిగిపోతోంది.

“ఉషా, నిన్న నువ్వు బజారుకెల్లినప్పుడు కుదుదండ్ పేట నుంచి ఒకాయనొచ్చినాడే. మూడంతస్తుల ఇల్లట. రేపటికల్లా కావాలట. మా కోడలు ఇచ్చీస్తాదని సెప్పీసినాను!”

ఉషారాణి మౌస్ వదిలేసి ఆవిడ వైపు తిరిగి చూసింది.

“అచ్ఛా, ఏటలా సూస్తన్నావు?”

“నన్నో మాట అడిగారా అత్తయ్యా?”

“అడిగీదేటి? మీ మావయ్య ఇంజను నడిపిన రోజుల్లో డ్యూటీ కాల్ వొస్తే ఆయన్ని అడిగినానా? వొస్తాడని సెప్పీసీదాన్ని. గుమ్మంలోకొచ్చిన పనిని కాదంటారేటి?”

“మావయ్యకి రెస్టుండేది!” అని అరిచింది ఉషారాణి. పెళ్ళై వచ్చాక ఆ ఇంట్లో ఆమె అరవడం అదే మొదలు. “ఆయన పడుకుంటే కాకిని కూడా అరవనిచ్చేవారు కాదట మీరు! రెస్టు పూర్తవ్వకుండా ఇంజనెక్కించేవారా ఎవరైనా? ఆయన రెస్టు చూడ్డానికి ఆఫీసుండేది. నాకెవరున్నారు? మీరు ఔనన్న ప్రతిసారీ నా ప్రాణం పోతోంది. ఇదిగో చూడండి, గదికి తలుపు పెట్టడం మర్చిపోయాను! రేపు పొయ్యి ఆర్పడం మర్చిపోతాను, ఎల్లుండి పిల్లనే మర్చిపోతాను!”

లక్ష్మీనరసమ్మ గ్లాసు కింద పెట్టింది. “ఇంట్లో కూసుని సేసీ పనే కదా అనుకున్నాను,” అని గొణిగి, చెప్పులేసుకుని బయటికి వెళ్ళిపోయింది.

ఉషారాణి తలుపు గీద్దామని కూర్చుంది. చెయ్యి కదల్లేదు. పెద్దావిణ్ణి అనరాని మాటలు అనేశానే అని కుమిలిపోయింది. ఎండ నడినెత్తికొచ్చింది, అత్తగారి జాడ లేదు. వీధి చివరిదాకా వెళ్ళి చూసింది, పక్క క్వార్టర్లలో అడిగింది. ఈ పనీ వద్దు, ఈ బతుకూ వద్దనిపించింది. గుమ్మంలో కూలబడి ఏడవడానికి కూడా ఓపిక లేక అలా చూస్తూ ఉండిపోయింది.

చివరికి రిక్షా వచ్చి ఆగింది. చెమటలు కక్కుతూ దిగింది లక్ష్మీనరసమ్మ.

“ఎక్కడికెళ్ళిపోయారు అత్తయ్యా!”

“కుదుదండ్ ఎల్లినాను. ఆ బాబు ఇల్లు ఎతుక్కోనెల్లి, మా పిల్ల సెయ్యదని సెప్పీసినాను.” ఆవిడ గుమ్మం ముందే ఆగిపోయింది. “కోపమొచ్చీసినాది ఆడికి. ఇంకోల్ల సేత గీయించుకుంటాడట, మన గుమ్మం మరి తొక్కడట. నీ పని పోగొట్టీసినాను తల్లీ.”

ఇన్నాళ్ళూ దేనికి భయపడిందో అదే జరిగింది. గుండె ఆగిపోతుందనుకుంది ఉషారాణి. ఆగలేదు.

“ఏమని చెప్పారు?”

“నాకొచ్చిన హిందీలోనే సెప్పినాను. ఇంజన్ని కూడా షెడ్డులో ఎట్టి రెస్టిస్తారు కదా బాబూ, మా పిల్ల మడిసి, అని.” ఆవిడ కోడలి పక్కనే చతికిలబడింది. “ఎవులికీ కాదని సెప్పి ఎరగను నాను. నోరు తిరగనేదే ఉషా. దారంతా వొనుకే.”

ఉషారాణి ఆవిడ ఒళ్ళో తల పెట్టి బావురుమంది. పొద్దుటి నుంచి రాని ఏడుపంతా వచ్చింది. లక్ష్మీనరసమ్మ కూడా కొంగుతో కళ్ళొత్తుకుంటూ కోడలి తల నిమిరింది.

“ఆకలేస్తందేటి?”

“నిద్రొస్తోంది అత్తయ్యా.”

“పడుకోమ్మా. ఎవులొచ్చినా లేపను.”