కార్డినల్ గారి పలువరుస

ఐర్లండ్‌లోని వెక్స్‌ఫర్డ్ జిల్లాలో ఏ బస్సు ఏ మలుపు దగ్గర ఏ నిమిషానికి ఆగాలో శాసించే మహాధికారం ఫింటన్ ఫర్లాంగ్ చేతిలో ఉండేది. సూర్యచంద్రుల రాకపోకలు తన శాఖ కిందికి రాకపోవడం వల్లనే అవి ఋతువుకొక తీరుగా, ఇష్టారాజ్యంగా సాగుతున్నాయని అతని నిశ్చితాభిప్రాయం. అంతటి కాలజ్ఞుడు ఆ బుధవారం ఫ్రాన్స్‌లోని షెర్బూర్ రేవులో, జడివానలో, పసుపురంగు క్యాంపర్ వ్యాన్ కిటికీలోంచి తల బయట పెట్టి, లెక్క తప్పినవాడిగా దొరికిపోయాడు.

"ఇరవై నిమిషాలు తక్కువండీ," అంది టికెట్ల గదిలోని జోసియాన్ ఇంగ్లీషులో, కుక్క పాస్‌పోర్టు మూసి తిరిగి ఇచ్చేస్తూ. "బద్దెపురుగుల మాత్ర వేసి ఇరవైనాలుగు గంటలు నిండాకే కుక్కని ఐర్లండ్‌లో దిగనిస్తారు. డాక్టరుగారు ఇవాళ పన్నెండూ ఇరవైకి వేసినట్టు రాశారు. ఓడ రేపు మీ పదకొండుకి, అంటే మా పన్నెండుకే రాస్లేర్ చేరుతుంది."

"అయ్యో!" అన్నాడు ఫింటన్. ఆ అయ్యోలో ఉండవలసినంత విషాదం లేదు.

"తర్వాతి ఓడ ఎప్పుడండీ?" పక్క సీట్లోంచి సోర్కా అడిగింది.

"ఎల్లుండి సాయంత్రం. మాత్ర మళ్ళీ వెయ్యక్కర్లేదు. టికెట్లు మారుస్తాను."

వెనక పరుపు మీద ఈ సంక్షోభానికి మూలపురుషుడు గుర్రుపెట్టి నిద్రపోతున్నాడు. నామధేయం కార్డినల్. యజమానురాలు సోర్కా. జాతి ఎర్ర సెటర్. వయసు పదకొండు. ఆస్తి నాలుగు పళ్ళు.

వ్యాన్ సోర్కా పిన్నిది. మలుపుల్లో దాన్ని ఒక్కర్తే తిప్పలేదు గనుక, పక్కింటి ఫింటన్‌ని రెండో డ్రైవరుగా తోడు తెచ్చుకుంది. మూడు వారాలు ఫ్రాన్స్ పడమటి కొసనున్న బ్రిటనీ అంతా తిరిగారు. వచ్చే సోమవారం ఆమె ఐర్లండ్ వాయవ్య మూల దొనెగల్ తీరానికి ఆవలనున్న ఒక దీవిలో పంతులమ్మగా చేరాలి. రెండేళ్ళ ఉద్యోగం. ఆ సోమవారం లోపల ఫింటన్ ఆమెతో ఒక్క వాక్యం చెప్పాలి. వాక్యం చిన్నదే. దానికి అతను టైమ్‌టేబుల్ కూడా వేసుకున్నాడు.

మొదటి ముహూర్తం, వచ్చేటప్పుడు ఓడ పైఅంతస్తులో. కానీ కుక్కలు కింద వ్యాన్లలోనే ఉండాలన్నది ఓడ ధర్మం. "పాపం, వాడికి భయమేస్తుందేమో" అని సోర్కా కమ్మీ పట్టుకుని కళ్ళు తుడుచుకుంటుంటే ప్రేమమాట ఎత్తడం అమానుషమనిపించి, కార్డినల్ క్షేమసమాచారమే మాట్లాడాడు. రెండో ముహూర్తం, ఆల్చిప్పల భోజనం దగ్గర. గొంతుదాకా వచ్చిన వాక్యం ఆల్చిప్పతో పాటు కడుపులోకి దిగిపోయింది. మూడోది ఒక పొలంలో, ప్రాచీన శిలాస్తంభాల నడుమ. సరిగ్గా "సోర్కా, నేను..." అనగానే ఒక ఆవు వచ్చి ఇద్దరి మధ్య నిలబడి, ఎంతకీ కదలలేదు.

ఇక మిగిలింది ఇవాళే. కుక్కల డాక్టరు దగ్గర తొమ్మిదిన్నరకి ఖాళీ ఉంది, పన్నెండూ ఇరవైకి ఖాళీ ఉంది. లెక్క కట్టడం ఫింటన్‌కి ఊపిరి తియ్యడమంత సులువు. తెలిసి తెలిసి రెండోది ఎంచుకున్నాడు.

నెరిసిన మీసాల ఆ ముసలి డాక్టరు మాత్ర మింగించి, గోడగడియారం చూసి, పాస్‌పోర్టులోంచి తొంగిచూస్తున్న ఓడ టికెట్ చూసి, సముద్రం వైపు చేతులు ఊపుతూ ఫ్రెంచిలో అయిదు నిమిషాల ఉపన్యాసం ఇచ్చాడు. సోర్కా కూడా ఫ్రెంచిలోనే ఏదో జవాబిచ్చింది. ఫింటన్‌కి ఆ భాష రాదు.

"ఏమంటున్నాడు?"

"కార్డినల్ పళ్ళు బాగున్నాయంటున్నాడు," అంది సోర్కా.

నాలుగు పళ్ళకి ఇంత స్తోత్రమా అని విస్తుపోయినా, ఫ్రెంచివారి మర్యాద అటువంటిది కాబోలని సరిపెట్టుకున్నాడు. వస్తుంటే డాక్టరు అతని భుజం జాలిగా తట్టడం మాత్రం అర్థం కాలేదు.

వ్యాన్‌ని రేవు బయట సముద్రపు గోడ పక్కన ఆపారు. పైకప్పు మీద వాన తబలా వాయిస్తోంది. సోర్కా స్టవ్ మీద టీకి నీళ్ళు పడేసింది.

"పోయిన నెల రెండు నిమిషాలు లేటైందని ఒక ముసలి బస్సు డ్రైవర్‌ని నడిరోడ్డు మీద కడిగేశావే! ఇప్పుడు నిన్నెవరు కడగాలయ్యా?"

"గంట తేడాని పొరపాటున రెండుసార్లు కలిపాను."

"నువ్వా? ఒక చేతికి ఐర్లండ్ టైము, ఇంకో చేతికి ఫ్రాన్స్ టైము పెట్టుకుని మూడు వారాలుగా ఊరేగుతున్నవాడివి, నువ్వు పొరపడ్డావా?"

ఫింటన్ రెండు చేతులూ జేబుల్లో దాచుకున్నాడు. సాక్ష్యాధారాలు దాచినంత మాత్రాన నేరం దాగదు.

"సోమవారానికి నేనక్కడుండాలి. తెలుసుగా?"

"తెలుసు." అన్నాడు ఫింటన్. "పొరపాటు కాదు సోర్కా. పొద్దున తొమ్మిదిన్నరకి వస్తారా అని డాక్టరు ఆఫీసువాళ్ళు ఇంగ్లీషులోనే అడిగారు. నేనే వద్దన్నాను."

"ఎందుకని?"

"ఓడెక్కామంటే రేపు రాస్లేర్. ఆ తర్వాత నువ్వు దీవిలో, నేను బస్‌స్టాండ్‌లో. ఈ మూడు వారాల్లో ఎన్నిసార్లు దారి తప్పాం! ఒక్కసారైనా లేటయిందని బాధ పడ్డానా? నా జీవితంలో ఇలా ఎప్పుడూ లేదు. నువ్వు పక్కనుంటే నాకు టైము చూడాలనిపించదు. అదీ సంగతి. నిన్ను ప్రేమిస్తున్నాను. ఇంక తిట్టు."

సోర్కా తిట్టలేదు. టీ నీళ్ళు మరిగిపోతున్నా స్టవ్ కట్టెయ్యలేదు. పరుపు దగ్గరికి వెళ్ళి కార్డినల్ పెదవి మెల్లగా పైకెత్తింది.

"ఎన్ని పళ్ళున్నాయి?"

"నాలుగు."

"వీటిని పొగడ్డానికి డాక్టరుకి అయిదు నిమిషాలు పడుతుందా?"

వెక్స్‌ఫర్డ్ కాలజ్ఞుడి మెదడులో చక్రాలు ఒక్కొక్కటే కదలడం మొదలుపెట్టాయి.

"పళ్ళ ఊసే ఎత్తలేదు మహానుభావా ఆయన! 'అమ్మాయ్, ఇరవై నిమిషాలు తక్కువవుతోంది, ఓడ ఎక్కనివ్వరు, ఇప్పుడే ఫోన్ చేసి టికెట్ మార్చుకో' అని ఒకటే బతిమాలాడు."

"మరి... నువ్వేమన్నావ్?"

"'తెలుసు డాక్టరుగారూ, ఉండనివ్వండి. ఈయన నోరు విప్పాలంటే ఇంకో రెండ్రోజులు పట్టేలా ఉంది' అన్నాను."

భుజం తట్టడంలోని జాలికి అర్థం ఇప్పుడు తెలిసింది. ఫింటన్ నవ్వబోయి, ఆమె కళ్ళు చూసి ఆగిపోయాడు.

"చెప్పకపోయుంటే?"

"ఎల్లుండి ఓడెక్కేదాన్ని. దీవికి వెళ్ళిపోయేదాన్ని." ఆమె గొంతు వానలో దాదాపు వినిపించలేదు. "నిన్ను మళ్ళీ తోడు రమ్మని అడిగేదాన్ని కాదు ఫింటన్."

అతను జేబుల్లోంచి చేతులు తీశాడు. కుడిచెయ్యి ఆమె పట్టుకుంది. ఆ చేతికున్న ఫ్రాన్స్ టైము వాచీ విప్పి ఆమె మణికట్టుకి పెట్టాడు. వదులైంది. పట్టీ చివరి రంధ్రంలోకి లాగి బిగించింది.

"గంట వెనక్కి తిప్పనా?"

"వద్దు. ముందే ఉండనీ. నీకు మాట పెగలాలంటే ఆ మాత్రం టైము కావాలి."

"ఆ దీవికి వెళ్ళే పడవల టైములు చూశాను. దారుణం. శుక్రవారం పని ముగించుకుని వచ్చేవాడికి ఆఖరి పడవ అందదు."

"వచ్చేవాడెవడు?"

"నేనే. ప్రతి శుక్రవారం."

"అయితే మార్పించు. బస్సుల్ని శాసించేవాడికి పడవలొక లెక్కా?"

నీళ్ళు ఇగిరిపోయి గిన్నె మాడింది. ఆ వాసనకి కార్డినల్ లేచి ఒకసారి తుమ్మి, ఇద్దరి మధ్యా చోటు చేసుకుని మళ్ళీ పడుకున్నాడు. ఈసారి ఆవు కాదు కాబట్టి వాళ్ళకి అడ్డమనిపించలేదు.

శుక్రవారం సాయంత్రానికి వాన వెలిసింది. జోసియాన్ పాస్‌పోర్టు తెరిచి వేళ్ళ మీద లెక్కపెట్టింది.

"రేపు దిగేసరికి డెబ్బైఒక్క గంటల నలభై నిమిషాలు. ఏ చిక్కూ లేదు. వెళ్ళండి."

తలెత్తి, ఇతని చేతికి ఒకటి, ఆమె చేతికి ఒకటి ఉన్న జోడు వాచీలు చూసింది. అప్పుడే ఆవలించిన కార్డినల్‌ని చూసింది. నవ్వుతూ సోర్కాతో ఫ్రెంచిలో పొడుగ్గా ఏదో అంది. సోర్కా చెవులు ఎర్రబడ్డాయి.

"ఏమంటోంది?" అన్నాడు ఫింటన్, గేరు వెయ్యడం మర్చిపోయి.

"కార్డినల్ పళ్ళు బాగున్నాయంటోంది. పోనియ్యి, వెనకవాళ్ళకి లేటవుతోంది."